నర్సులు నింపిన కాగితాలు

కాఫీ తాగే ఆడవాళ్లకు గర్భసంచి క్యాన్సర్ ముప్పు తక్కువట అన్న వార్త పేపర్లలో, ఫోన్లలో అప్పుడప్పుడూ తిరుగుతూ ఉంటుంది. ఒక్క వాక్యం, పక్కన పొగలు కక్కే కప్పు బొమ్మ. చదివినవాళ్లలో కొందరు రెండో కప్పు కలుపుకుంటారు. కొందరు ఇదీ రేపో మాపో మారిపోయే మాటేలే అని పేజీ తిప్పేస్తారు. ఆ వాక్యాన్ని నిలబెట్టడానికి ఎంతమంది, ఎన్నేళ్లు, ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేశారో తెలిస్తే ఈ రెండూ చేయబుద్ధి కాదు. ఆ పనితనాన్ని దగ్గరగా చూపించాలనే ఈ వ్యాసం.

2011లో ‘క్యాన్సర్ ఎపిడెమియాలజీ, బయోమార్కర్స్ అండ్ ప్రివెన్షన్’ అనే పత్రికలో ఒక పరిశోధన పత్రం అచ్చయింది. యూజిన్ జే, ఎడ్వర్డ్ జియోవనూచి, వాళ్ల సహచరులు బోస్టన్‌లోని హార్వర్డ్‌లో చేసిన పని అది. 67,470 మంది ఆడవాళ్లను 26 ఏళ్ల పాటు గమనించారు. ఆ కాలంలో 672 మందికి గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ వచ్చింది. రోజుకు నాలుగు కప్పులు, ఆపైన కాఫీ తాగినవాళ్లలో ముప్పు, ఒక కప్పు కన్నా తక్కువ తాగినవాళ్లతో పోలిస్తే 25 శాతం తక్కువగా తేలింది. నాలుగు కప్పుల లోపు తాగినవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. టీతో ఏ సంబంధమూ కనిపించలేదు. ఫలితం ఇంతే. పత్రం చదవడానికి గంట చాలు. దాని కింద ఉన్న పని మాత్రం 1976లో మొదలైంది.

ముందు జబ్బు సంగతి. మన దగ్గర గర్భసంచి క్యాన్సర్ అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది గర్భాశయ ముఖద్వారానికి వచ్చేది, అంటే సర్వైకల్ క్యాన్సర్. దానికి కారణం హెచ్‌పీవీ వైరస్, అడ్డుకోవడానికి టీకా ఉంది. ఇది అది కాదు. గర్భసంచి లోపల నెలనెలా మందంగా పెరిగి నెలసరితో రాలిపోయే పొరను ఎండోమెట్రియం అంటారు. ఆ పొరలో పుట్టే క్యాన్సర్ ఇది. ఎక్కువగా ముట్లు ఆగిపోయిన తర్వాతి వయసులో బయటపడుతుంది. ఆ పొరను పెంచే హార్మోన్ ఈస్ట్రోజెన్, దాన్ని అదుపులో ఉంచేది ప్రొజెస్టెరాన్. అదుపు లేకుండా ఈస్ట్రోజెన్ ఒక్కటే ఏళ్ల తరబడి పనిచేస్తే అక్కడి కణాలు చీలుతూనే ఉంటాయి, ఎక్కడో ఒకచోట దారి తప్పుతాయి. ముట్లుడిగిన ఆడవాళ్లకు ఈస్ట్రోజెన్ మాత్రలు విరివిగా రాసిన అమెరికాలో, ఆ మాత్రలు వాడినవాళ్లకు ఈ క్యాన్సర్ ముప్పు బాగా ఎక్కువని 1975 డిసెంబరులో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ ఒకే సంచికలో రెండు పరిశోధనలు వేసింది.

మాత్ర మింగకపోయినా ఈస్ట్రోజెన్ తయారయ్యే చోటు ఒంట్లో ఇంకొకటుంది. అది కొవ్వు. అండాశయాలు పని మానేశాక కూడా, కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తూనే ఉంటుంది. ఒళ్లు పెరిగినకొద్దీ ఈ తయారీ పెరుగుతుంది. దానితోపాటు రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది. ఇన్సులిన్ పెరిగితే, ఈస్ట్రోజెన్‌ను రక్తంలో పట్టి ఉంచే ప్రొటీన్ తగ్గి, ఆ హార్మోన్‌కు పగ్గాలు ఊడతాయి. అందుకే స్థూలకాయానికీ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాల్లో అన్నిటికంటే బలమైనది ఇక్కడే కనిపిస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించిన లెక్కలో, ఎత్తుతో పోల్చి బరువును కొలిచే బీఎంఐ 40 దాటినవాళ్లకు ఈ క్యాన్సర్ ముప్పు మామూలు బరువున్నవాళ్ల కంటే ఏడు రెట్లు. ఆహారం ఈ జబ్బును చేరే పెద్ద దారి ఒంటి బరువే. అయితే బరువును పక్కన పెట్టి చూసినా, తినే వస్తువుకు, తాగే వస్తువుకు విడిగా ఏమైనా పాత్ర ఉందా అన్నది అసలు చిక్కు ప్రశ్న. ఆ చిక్కు విప్పడానికి పనికొచ్చింది, ముందు వేరే ప్రశ్న కోసం కూడగట్టిన నర్సులు. ఆ 67,470 మంది వాళ్లలోని వారే.

1976లో బోస్టన్ వైద్యుడు ఫ్రాంక్ స్పైజర్‌కు కావలసింది ఆహారం సంగతి కాదు. గర్భనిరోధక మాత్రలు ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో తెలుసుకోవాలనుకున్నాడు. అందుకోసం అమెరికాలో జనాభా ఎక్కువున్న 11 రాష్ట్రాల్లో, 30 నుంచి 55 ఏళ్ల మధ్య వయసున్న, పెళ్లయిన రిజిస్టర్డ్ నర్సులకు ఉత్తరాలు పంపాడు. పెళ్లయినవాళ్లకే ఎందుకంటే, మాత్రల గురించి పెళ్లికానివాళ్లను అడగడం అప్పటికింకా ఎబ్బెట్టుగా ఉండేది. 1,21,700 మంది జవాబు రాశారు. నర్సులే ఎందుకన్నదానికి జవాబు వాళ్ల చదువులో ఉంది. బీపీ ఎంత, ఏ ఆపరేషన్ జరిగింది, ఏ మందు ఏ మోతాదులో వాడుతున్నారు అని అడిగితే తడుముకోకుండా, తప్పు లేకుండా రాయగలరు. పైగా వైద్యం ముందుకు సాగడానికి ఇలాంటి వివరాలు ఎంత అవసరమో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అప్పటి నుంచి రెండేళ్లకోసారి వాళ్లకు ఉత్తరం వెళ్తూనే ఉంది. వాళ్లు నింపి పంపుతూనే ఉన్నారు. దశాబ్దాలు గడిచినా జవాబిచ్చేవాళ్లు 90 శాతం దగ్గరే ఉన్నారు. ఇది మామూలు విషయం కాదు. ఆ మధ్యలో వాళ్లు ఇళ్లు మారారు, ఊళ్లు మారారు, రిటైరయ్యారు, కొందరు భర్తలను పోగొట్టుకున్నారు. డబ్బుకు ఆశపడి చేసిన పని కాదది. 1980లలో కాలిగోళ్లు కత్తిరించి పంపమని అడిగితే అరవై వేల మందికి పైగా పంపారు. సెలీనియం లాంటి ఖనిజాలు గోటిలో నెలల తరబడి నిల్వ ఉంటాయి కాబట్టి అడిగారు. 1989, 90లలో రక్తం అడిగితే 32,826 మంది ఎవరికివారే తీయించుకుని, ఐసు ప్యాకుల మధ్య పెట్టి రాత్రికి రాత్రే చేరేలా కొరియర్ చేశారు. ఆ నమూనాలు ద్రవ నైట్రోజన్‌లో భద్రపరిచారు. కాఫీ ఎక్కువ తాగేవాళ్ల ఒంట్లో ఇన్సులిన్ తయారీ తక్కువగా ఉందని 2005లో తేల్చింది ఆ రక్తం నుంచే. అంటే 2011 నాటి పత్రం రాసేవాళ్లకు కాఫీ పనిచేస్తే ఏ దారిన పనిచేయవచ్చో ముందే ఒక ఆనవాలు దొరికింది.

ఇక ఈ పనిలో నాకు అన్నిటికన్నా ముచ్చట గొలిపే వస్తువు దగ్గరికి వస్తాను. అది 1980లో నర్సులకు పంపిన ఆహార ప్రశ్నాపత్రం. వాల్టర్ విల్లెట్ అప్పుడు యువ పరిశోధకుడు. ఆయన బృందం తయారుచేసిన ఆ కాగితంలో 61 ఆహార పదార్థాలున్నాయి.

మనిషి ఏం తింటాడో కనుక్కోవడం వినడానికి తేలిక, చేయడానికి మహా కష్టం. నిన్న ఏం తిన్నారు అని అడిగితే నిన్నటి సంగతే తెలుస్తుంది. నిన్న ఏకాదశి కావచ్చు, పెళ్లి భోజనం కావచ్చు. వారం రోజులు ప్రతి ముద్దా తూచి రాయమంటే వందమంది రాస్తారేమో, లక్షమంది రాయరు. రాసేవాళ్లు కూడా తూచాలి కదా అని వండేదే మార్చేస్తారు. క్యాన్సర్ మాత్రం నిన్నటి భోజనంతో వచ్చేది కాదు, ఇరవై, ముప్పై ఏళ్ల అలవాటుతో సంబంధం ఉన్నది. అందుకని విల్లెట్ వాళ్లు ప్రశ్న మార్చారు. గడిచిన ఏడాదిలో సగటున ఈ వస్తువు ఎన్నిసార్లు తిన్నారు? జవాబుకు తొమ్మిది గడులు. ఎప్పుడూ లేదు లేదా నెలకోసారి కంటే తక్కువ, నెలకు ఒకటి నుంచి మూడుసార్లు, వారానికోసారి, అలా పెరుగుతూ రోజుకు ఆరు, అంతకు మించి. మనిషి జ్ఞాపకం దేన్ని నిలుపుకుంటుందో, దేన్ని వదిలేస్తుందో గమనించి వేసిన గీతలవి. మొన్న గురువారం ఎన్ని గ్రాముల పాలకూర తిన్నామో ఎవరికీ గుర్తుండదు. పాలకూర వారానికోసారి తింటామా, నెలకోసారా అంటే చెప్పగలం.

ఏ పదార్థాలను జాబితాలో పెట్టాలన్నది ఇంకా గొప్ప లెక్క. ఎక్కువమంది ఎక్కువగా తినేవన్నీ పెట్టేస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. అందరూ ఒకేలా తినే వస్తువు ఈ పనికి పనికిరాదు. ఎందుకంటే ఈ పరిశోధన అడిగేది ఒకరికీ మరొకరికీ ఉన్న తేడా గురించి. తేడా లేనిచోట పోల్చడానికేమీ మిగలదు. అందుకని ముందు పెద్ద జాబితా తయారుచేసి, మనిషికీ మనిషికీ మధ్య తేడాను ఏ పదార్థాలు ఎక్కువగా పట్టిస్తున్నాయో గణాంకాలతో తేల్చి, వాటినే ఉంచారు. కాగితం పొట్టిగా ఉండాలి, లేకపోతే నైట్ డ్యూటీ చేసి ఇంటికొచ్చిన నర్సు దాన్ని నింపదు. పొట్టిగా ఉంటూనే తేడాలు పట్టాలి. ఆ రెండింటి మధ్య కుదిరిన సంఖ్య 61. 1984 నాటికి నర్సుల ఓపిక మీద నమ్మకం కుదిరాక దాన్ని సుమారు రెండింతలు చేశారు.

తర్వాత చేసిన పని చూడండి. తమ కాగితం ఎంత నిజం చెబుతుందో వాళ్లు పరీక్షకు పెట్టారు. బోస్టన్ చుట్టుపక్కల ఉన్న నర్సుల్లో 173 మంది, ఏడాదిలో నాలుగుసార్లు, ఒక్కోసారి వారం రోజుల చొప్పున, తిన్న ప్రతిదీ తూచి రాశారు. మనిషికి 28 రోజుల తూకం. ఆ ఏడాది మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ప్రశ్నాపత్రం కూడా నింపారు. తూకానికీ కాగితానికీ పొంతన ఎంత? పూర్తిగా కుదిరితే 1, అసలు కుదరకపోతే 0 అనుకుంటే, సప్లిమెంట్లు కలపని విటమిన్-ఎకి 0.36, సప్లిమెంట్లతో కలిపి విటమిన్-సికి 0.75, మిగతా పోషకాలన్నీ ఆ మధ్యలో. ఈ అంకెలు 1985లో అచ్చువేశారు. 0.36 అంటే గర్వంగా చూపించుకునే సంఖ్యేమీ కాదు. అయినా దాచలేదు. ఆహారం మీద పరిశోధనలను వెక్కిరించేవాళ్లు ఈ అంకెనే పట్టుకుని మాట్లాడతారు, ఆ అంకెను బయటపెట్టింది ఈ పరిశోధకులేనన్న సంగతి మాత్రం చెప్పరు. పనిముట్టు ఎక్కడ మొద్దుబారిందో తెలిసినవాడికే దాన్ని ఎక్కడ వాడాలో తెలుస్తుంది.

కాఫీకి వచ్చేసరికి ఆ పొంతన 0.78. ఇక్కడే మన కథకు సంబంధించిన కీలకం ఉంది. కూరగాయలు ఎన్ని తిన్నామన్నది మనకు సరిగ్గా గుర్తుండదు, కొంచెం ఎక్కువే చెప్పుకుంటాం కూడా. కాఫీ అలా కాదు. రోజుకు ఎన్ని కప్పులు తాగుతారు అంటే ఎవరైనా ఠక్కున చెబుతారు, చెప్పడానికి సిగ్గుపడేదీ గొప్పపడేదీ ఏమీ లేదు. కాబట్టి కాఫీ మీద వచ్చిన ఫలితం కూరగాయల మీద వచ్చిన ఫలితం కన్నా గట్టి నేల మీద నిలబడింది. కొలత బాగా లేని పదార్థాల విషయంలో ఏ సంబంధమూ కనపడకపోతే, సంబంధం లేదనీ చెప్పలేం. మసక కొలత నిజమైన తేడాను కూడా కప్పేస్తుంది.

ఒక్కసారి అడిగి వదిలేయలేదన్నది మెచ్చుకోవలసిన మరో సంగతి. 1980లో రోజుకు ఆరు కప్పులు తాగిన ఆవిడ 1990లో రెండుకు దిగి ఉండవచ్చు. అందుకే కొన్నేళ్లకోసారి మళ్లీ మళ్లీ అడిగారు. ప్రతిసారీ అప్పటిదాకా వచ్చిన జవాబులన్నిటి సగటు తీసుకుని, ఆ తర్వాతి ఏళ్లలో వచ్చిన జబ్బుతో పోల్చారు. ఇందులో ఇంకో లాభం ఉంది. జబ్బు వచ్చాక అడిగితే మనిషి గతాన్ని తవ్వుకుంటాడు, ఏది తిన్నందుకు ఇలా అయిందో అని వెతుక్కుంటాడు, అలా వెతుక్కునేవాడి జవాబు వేరుగా ఉంటుంది. ఇక్కడ జవాబు కాగితం మీద పడిన రోజుకు జబ్బు లేదు.

లెక్క కట్టేముందు ఎవరిని తీసేశారన్నది కూడా చూడాలి. 1980 ప్రశ్నాపత్రం నింపి పంపినవాళ్లు 98 వేల పైచిలుకు. పత్రంలో ఉన్నది 67,470 మందే. అప్పటికే క్యాన్సర్ వచ్చినవాళ్లను, కాగితం సరిగ్గా నింపనివాళ్లను, అన్నిటికన్నా ముఖ్యంగా గర్భసంచి తీయించుకున్నవాళ్లను పక్కన పెట్టారు. గర్భసంచి లేని మనిషికి ఈ క్యాన్సర్ రాదు. వాళ్లను లెక్కలో ఉంచితే ముప్పు లేనివాళ్లు ముప్పు ఉన్నవాళ్లలో కలిసిపోయి మొత్తం అంకెలు పలచబడతాయి. చదువుతుంటే ఇది చాలా మామూలు జాగ్రత్తగా అనిపిస్తుంది. మన రాష్ట్రాల్లో ఇలాంటి పరిశోధన చేయాలంటే ఇదే మొదటి అడ్డంకి అవుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలోకెల్లా పెద్ద అంకెలు మనవే. ఆ ఆపరేషన్లలో ఎన్ని నిజంగా అవసరమైనవన్న ప్రశ్న వేరే వ్యాసానికి తగినది, అడిగి తీరవలసినది.

జబ్బు వచ్చిందని నర్సు రాసినంత మాత్రాన సరేననలేదు. అనుమతి తీసుకుని ఆసుపత్రి రికార్డులు తెప్పించి, ఆమె ఏం తిన్నదో, ఏం తాగిందో తెలియని వైద్యులతో చదివించి నిర్ధారించుకున్నారు.

అసలు పరీక్ష ఆ తర్వాతే. కాఫీ ఎక్కువ తాగేవాళ్లు ఎలాంటివాళ్లు? అమెరికాలో వాళ్లు సిగరెట్లు కూడా ఎక్కువ కాలుస్తారు. సిగరెట్ ఎన్నో క్యాన్సర్లు తెచ్చిపెడుతుంది గానీ, ఈస్ట్రోజెన్‌ను తగ్గిస్తుంది కాబట్టి ఈ ఒక్క క్యాన్సర్ మాత్రం పొగ తాగేవాళ్లలో తక్కువ. ఇది చూసి సిగరెట్‌ను ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు, అది చంపే దారులు చాలానే ఉన్నాయి. కానీ లెక్క వేసేవాడు ఇది గమనించకపోతే సిగరెట్ చేసిన పనిని కాఫీ ఖాతాలో రాసేస్తాడు. అలాగే బరువు, పిల్లల సంఖ్య, గర్భనిరోధక మాత్రలు, ముట్లుడిగాక వాడిన హార్మోన్లు, ఒక్కోటీ ముప్పును అటో ఇటో లాగేవే. ఇవన్నీ సర్దకముందు తేడా ఎంతో చూడండి. నాలుగు కప్పులు, ఆపైన తాగేవాళ్లలో ఏడాదికి లక్షకు 35 మందికి జబ్బు వచ్చింది, కప్పు కన్నా తక్కువ తాగేవాళ్లలో 56 మందికి. ఇలాగే చూస్తే ముప్పు 37 శాతం తగ్గినట్టు. అవన్నీ సర్దాక మిగిలింది 25 శాతం. మూడింట ఒక వంతు ఫలితాన్ని వాళ్లే కోసి పారేశారు. పెద్ద అంకె దొరికినా చిన్న అంకెనే చెప్పడం నేను ఈ పత్రంలో చూసిన అతి పెద్ద గుణం.

ఇంకోటి కూడా గమనించాలి. 25 శాతం అన్న మాట పెద్దదిగా వినిపిస్తుంది. లక్ష మందిలో ఏడాదికి 56 కేసులన్నది కూడా పక్కనే పెట్టి చదివితే దాని నిజమైన బరువు తెలుస్తుంది. రెండూ అడిగి చదవడం ఏ ఆరోగ్య వార్తకైనా మంచి అలవాటు. పాలు, మీగడ, చక్కెర దండిగా కలుపుకుని కాఫీ తాగితే బరువు పెరిగి, వచ్చే లాభం కాస్తా పోవచ్చని జియోవనూచి అప్పుడే హెచ్చరించాడు కూడా.

ఒక్క పరిశోధనతో ఏదీ తేలిపోదు. అన్నీ కలిపి తూచే పని ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి చేస్తుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం పోగుచేసిన ఆధారాలతో 2013లో ఈ క్యాన్సర్ మీద ఒక నివేదిక వెలువరించింది. ఇందులో పనితనం మాటల తూకంలో ఉంది. ఆధారం ఎంత గట్టిదో చెప్పడానికి అంచెలున్నాయి. ‘నమ్మదగినంత రుజువుంది’ అన్న పై మెట్టు మీద ఒకే ఒక్కటి నిలిచింది. అది ఒంటి కొవ్వు. బీఎంఐ అయిదు పెరిగితే ముప్పు 50 శాతం పెరుగుతుందని లెక్కగట్టారు. దాని కింద ‘బహుశా’ అన్న మెట్టు మీద మూడున్నాయి. శారీరక శ్రమ ముప్పు తగ్గిస్తుంది. కాఫీ తగ్గిస్తుంది, రోజుకు ఒక్కో కప్పుకు 7 శాతం చొప్పున. గ్లైసీమిక్ లోడ్ (అదేమిటో కింద చెబుతాను) పెంచుతుంది, ప్రతి 50 యూనిట్లకు 15 శాతం. ఇంకా కింద ‘ఏమీ తేల్చలేం’ అన్న మెట్టు. అక్కడ పండ్లు, కూరగాయలు, పీచు, మాంసం, చేపలు, గుడ్లు, పాలు, కొవ్వు, టీ అన్నీ బారులు తీరి ఉన్నాయి. ఏళ్ల తరబడి చేసిన పని తర్వాత ఇన్నిటి గురించి ‘తేల్చలేం’ అని రాయడానికి ధైర్యం కావాలి. కాఫీని ‘బహుశా’ మెట్టు మీద కూర్చోబెట్టినా, తాగమని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వలేదు. ఎంత తాగాలి, పాలూ చక్కెరా కలిస్తే ఏమవుతుంది అన్నవి తేలనప్పుడు సలహా ఎలా ఇస్తామన్నారు.

కొవ్వు సంగతిలో ఆ ‘తేల్చలేం’ వెనక మరో భారీ ప్రయత్నం ఉంది. 1990లలో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ కింద, ముట్లుడిగిన 48,835 మందిని చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు కొవ్వు తగ్గించి, కూరగాయలు, పండ్లు, ధాన్యాలు పెంచుకునేలా ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చారు. సగటున ఎనిమిదేళ్లు గడిచాక చూస్తే ఎండోమెట్రియల్ క్యాన్సర్‌లో రెండు జట్ల మధ్య తేడా తేలలేదు. కేలరీల్లో కొవ్వు వాటా 20 శాతానికి దించాలన్నది లక్ష్యం, చాలామంది అంత దూరం వెళ్లలేకపోయారు. మనుషుల వంటిల్లు మార్చడం ఎంత కష్టమో ఆ పరిశోధన చెప్పినంత గట్టిగా ఇంకేదీ చెప్పలేదు. అందుకే నర్సుల కాగితాల విలువ పెరుగుతుంది. అవి ఎవరినీ మారమని అడగలేదు.

గ్లైసీమిక్ లోడ్ అన్న మాట మన పళ్లేనికి దగ్గరది కాబట్టి రెండు ముక్కలు. ఒక పదార్థం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే సూచిక గ్లైసీమిక్ ఇండెక్స్, 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ఇచ్చింది. వేగం ఒక్కటే చాలదు, ఎంత తిన్నామన్నదీ కలపాలని 1997లో విల్లెట్ బృందమే లోడ్ అన్న కొలత తెచ్చింది. సూచికను పిండిపదార్థం గ్రాములతో గుణించి నూటితో భాగిస్తే వచ్చేది అది. సూచిక 70 ఉన్న అన్నంలో 40 గ్రాముల పిండిపదార్థం తింటే 28. మారు వడ్డించుకుంటే 56. రెండో వడ్డనతోనే 28 యూనిట్లు పెరిగాయి. పప్పు, కూర పెంచి అన్నం తగ్గించుకోమని డాక్టర్లు చెప్పే పాత మాటకు షుగర్ ఒక్కటే కారణం కాదు.

ఈ కాఫీ ఫలితాన్ని మన వంటింట్లోకి తెచ్చుకునేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. నర్సుల కప్పు వేరు, మన కప్పు వేరు. వాళ్లది పెద్ద కప్పు నిండా పలచటి డికాషన్, మనది చిన్న గ్లాసులో సగానికి పైగా పాలు, చక్కెర. మన ఇళ్లకు సరిపడే కాగితం మనమే తయారుచేసుకోవాలి. అందుకు కావలసిన సరంజామా కొంత మన దగ్గరే ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన భారతీయ ఆహార పట్టికల్లో, దేశం నలుమూలల నుంచి తెప్పించి విశ్లేషించిన 528 ఆహార పదార్థాల పోషక విలువలున్నాయి. ఏ ప్రశ్నాపత్రానికైనా జవాబును పోషకాల లెక్కలోకి మార్చేది ఇలాంటి పట్టికే. అయితే ప్రశ్నలు మాత్రం మన ఇళ్ల నుంచి పుట్టాలి. అన్నం అందరూ తింటారు కాబట్టి అన్నం తింటారా అని అడిగితే తేడా దొరకదు. ఎన్నిసార్లు వడ్డించుకుంటారు, రాత్రి చపాతీయా అన్నమా, జొన్నరొట్టె వారానికెన్నిసార్లు, పచ్చడిలో నూనె ఎంత, ఇంటిల్లిపాదికీ వండే నూనె డబ్బా నెలకెన్ని అని అడగాలి. ఒకే గిన్నెలోంచి అందరూ తినే ఇంట్లో ఒక్క మనిషి వాటా ఎంతో తేల్చడం విల్లెట్‌కు ఎదురుకాని సమస్య. అందరికీ పెట్టి, చివరికి మిగిలింది తినే ఆవిడ తన భోజనాన్ని తానే తక్కువగా చెబుతుంది. ఆ సంగతి కూడా కాగితం చేసేవాళ్లకు తెలిసి ఉండాలి.

ఎండోమెట్రియల్ క్యాన్సర్ మన దేశంలో ఇప్పటికీ పాశ్చాత్య దేశాలంత లేదు. నగరాల్లో బరువులు పెరుగుతున్న తీరు చూస్తే ఇలాగే ఉంటుందన్న ధీమా పనికిరాదు. ఏ కప్పు ఎన్నిసార్లు తాగినా, ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే, ఒక్క చుక్కయినా సరే, వయసు మీద పడిందిలే అని ఊరుకోకుండా వెంటనే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. ఈ క్యాన్సర్ సాధారణంగా ముందుగానే ఇలా బయటపడుతుంది, అప్పుడే పట్టుకుంటే ఎక్కువమందికి నయమవుతుంది.

ఇక చివరగా ఒక విన్నపం. ఎప్పుడైనా ఏదైనా పరిశోధన సంస్థ నుంచి ఒక అమ్మాయి కాగితాలు పట్టుకుని మీ గుమ్మం ముందుకొచ్చి, ఏం తింటారు, ఎంత తింటారు, ఎన్ని కాఫీలు తాగుతారు అని అడిగితే విసుక్కోకండి. ఆమె గుర్తింపు కార్డు, అనుమతి పత్రం చూసి, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రెండేళ్ల తర్వాత మళ్లీ వస్తే మళ్లీ చెప్పండి.